నారికేళపాకం: ఉపమానంలోని కాయ, విమర్శలోని చిప్ప

వ్యాససంగ్రహం:

తెలుగు విమర్శలో 'నారికేళపాకం' అనే మాట కఠినమైన కవిత్వానికి పర్యాయపదంగా స్థిరపడింది. అలంకారశాస్త్ర చరిత్రలో ఈ ఉపమానానికి ఇదొక్కటే అర్థం కాదు. రాజశేఖరుడు, విద్యానాథుడు, మల్లినాథసూరి ముగ్గురూ కొబ్బరికాయనే ఉపమానంగా తీసుకున్నా, ముగ్గురూ దానిలో మూడు వేర్వేరు గుణాలను చూశారు. ఈ మూడు దృష్టులను కొబ్బరికాయ భౌతిక స్వరూపంతోనూ, దానిని దింపి ఒలిచే వారి పనితోనూ సరిపోల్చి, నారికేళపాకాన్ని కావ్యానికిచ్చే తీర్పుగా కాక పఠనంలో జరిగే పనికి పేరుగా గ్రహించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆముక్తమాల్యదలోని ఒక పద్యాన్ని ఇందుకు నిదర్శనంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నారికేళపాకం, కావ్యపాకం, రాజశేఖరుడు, విద్యానాథుడు, మల్లినాథసూరి, ఆముక్తమాల్యద, వ్యాఖ్యానం, కొబ్బరి, వలుపు.

1. ఉపోద్ఘాతం:

ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అనే మూడు పేర్లు తెలుగు సాహిత్య విద్యార్థికి తొలినాళ్లలోనే పరిచయమవుతాయి. నోట్లో వేసుకోగానే రసం ఊరేది ద్రాక్ష, తొక్క ఒలిస్తే చాలు తినగలిగేది అరటి, పీచు తీసి చిప్ప పగలగొట్టి తినవలసినది కొబ్బరి అని వివరణ. వివరణ సులభమైనది, గుర్తుండేది. ఆ సౌలభ్యంలోనే చిక్కు ఉంది. మూడు పండ్లు మూడు మెట్ల నిచ్చెనగా మారి, కావ్యాలను సులభం, మధ్యమం, కఠినం అని వర్గీకరించే పట్టికగా స్థిరపడ్డాయి. భాగవతం ఒక గడిలో, ఆముక్తమాల్యద మరొక గడిలో చేరిపోయాయి. విశ్వనాథ సత్యనారాయణ శైలి విషయంలో కొబ్బరి కూడా చాలలేదు; దానిని 'పాషాణపాకం' అని చేసిన వేళాకోళం సాహిత్యలోకంలో ప్రసిద్ధం.

ఒక కావ్యం నారికేళపాకమని చెప్పిన తరువాత తరగతి గదిలో సాధారణంగా జరిగేది రెండింటిలో ఒకటి. ఆ కావ్యాన్ని గౌరవంగా పక్కన పెట్టడం, లేదా పద్యాన్ని వదిలి తాత్పర్యాన్ని మాత్రమే బోధించడం. రెండు సందర్భాలలోనూ కాయ పగలలేదు. మొదటిదానిలో కాయను పూజాపీఠం మీద ఉంచారు. రెండవదానిలో ఎవరో తురిమి పెట్టిన కొబ్బరిని పంచారు. పఠనానికి ఆహ్వానం కావలసిన పారిభాషిక పదం పఠనాన్ని వాయిదా వేసే సాకుగా ఎలా మారిందన్నది ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న. అందుకు ఉపమానం పుట్టిన గ్రంథాలనే కాక ఉపమానమైన కాయను కూడా చూడవలసి ఉంటుంది.

2. రాజశేఖరుని కాయ - రుచి:

క్రీ.శ. 900 ప్రాంతపు రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవి నిరంతరాభ్యాసం వల్ల అతని వాక్యం పాకానికి వస్తుందని చెప్పి, 'పాకం' అంటే ఏమిటన్న విషయంలో ఉన్న అభిప్రాయభేదాలను చర్చించాడు. ఒక పదాన్ని తీసి మరొక పదం పెట్టడానికి వీలులేని స్థితే పాకమన్న వామనీయుల మతాన్ని అతడు ప్రస్తావించాడు. అది పాకం కాదు, అశక్తి అన్న అవంతిసుందరి ఖండనను కూడా ఉదాహరించాడు. మహాకవులు ఒకే విషయాన్ని అనేక విధాలుగా చెప్పగలరు కాబట్టి, రసానికి ఉచితమైన శబ్దార్థ రచనే పాకమని ఆమె అభిప్రాయం.

ఆ చర్చ తరువాత రాజశేఖరుడు తొమ్మిది పాకాలను పేర్కొన్నాడు. వేప, రేగు, ద్రాక్ష, వంకాయ, చింత, మామిడి, పోక, దోస, కొబ్బరి. ప్రారంభంలో రుచి ఎలా ఉంది, ముగింపులో ఎలా ఉంది అన్న రెండు ప్రశ్నలే ఈ విభజనకు ఆధారం. మొదలూ చివరా రుచి లేనిది వేప. మొదట రుచి లేక చివరకు రుచించేది ద్రాక్ష. మొదట మధ్యమంగా ఉండి చివరకు రుచించేది మామిడి. మొదట ఉత్తమంగా ఉండి చివరకు రుచి చెడేది పోక. ఆద్యంతాలలో రుచిగా ఉండేది కొబ్బరి. ఈ తొమ్మిదింటిని మూడేసి చొప్పున మూడు వర్గాలుగా చేసి, ప్రతి వర్గంలోనూ మొదటిది త్యాజ్యమని, రెండవది సంస్కరించదగినదని, మూడవది గ్రాహ్యమని నిర్ణయించాడు. ద్రాక్ష, మామిడి, కొబ్బరి మూడూ గ్రాహ్యాలే.

ఈ పట్టికలో గమనించదగిన అంశాలు రెండు. మొదటిది, ఇక్కడ కొబ్బరికి పీచు లేదు, చిప్ప లేదు. కాఠిన్యం ప్రసక్తే లేదు. మొదటి నుంచి చివరి వరకు తగ్గని రుచికి అది సంకేతం. రెండవది, నేటి వాడుకలో సౌలభ్యానికి పరాకాష్ఠ అయిన ద్రాక్ష ఇక్కడ మొదట రుచించని పండు. పచ్చి ద్రాక్ష పులుపును దృష్టిలో పెట్టుకుంటే ఈ నిర్ణయం సహజమే. నేటి నిచ్చెనను రాజశేఖరుని ముందు పెడితే దాని రెండు చివరలూ తారుమారవుతాయి. కొబ్బరి ఉపమానానికి కాఠిన్యం పుట్టుకతో వచ్చిన అర్థం కాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

రాజశేఖరుని విభజన కవి వైపు నుంచి చేసినది. కవి వాక్యం ఎంతవరకు పండింది అన్నదే అతని విచారణ. తినేవాడు ఎవరు, ఎలా తింటాడు అన్న ప్రశ్న అక్కడ లేదు. ఆ ప్రశ్న తరువాతి కాలంలో, తెలుగు నేల మీద తలెత్తింది.

3. విద్యానాథుని కాయ - గూఢత:

ఓరుగల్లు కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో ఉన్న విద్యానాథుడు 14వ శతాబ్ది తొలి దశకాలలో ప్రతాపరుద్రీయాన్ని రచించాడు. తెలుగువారి అలంకారశాస్త్ర అధ్యయనంలో ఆ గ్రంథానిది ప్రధాన స్థానం. అందులోని కావ్యప్రకరణంలో అతడు పాకాన్ని అర్థగాంభీర్యంగా నిర్వచించి, దానిని రెండు విధాలుగా విభజించాడు. రసం లోపలా బయటా స్ఫురించేది ద్రాక్షాపాకం. రసోదయం లోపల గూఢంగా ఉండేది నారికేళపాకం.

ఇక్కడ కొలమానం మారింది. రాజశేఖరుడు అడిగినది ఎప్పుడు రుచిస్తుందని. విద్యానాథుడు అడిగినది రసం ఎక్కడ ఉందని. కాలం స్థానంలోకి స్థలం వచ్చింది. తొమ్మిది రెండుకు తగ్గాయి. కొబ్బరికి లోపల, బయట అనే భేదం ఏర్పడింది.

అయితే విద్యానాథుడు కూడా నారికేళపాకాన్ని దోషంగా చెప్పలేదు. రెండు పాకాలూ హృదయంగమాలేనన్నది అతని స్పష్టమైన మాట. రెండూ అర్థగాంభీర్యానికి భేదాలే. అంటే ద్రాక్షాపాకంలోనూ గాంభీర్యం ఉంది. నారికేళపాకంలోనూ హృదయాన్ని తాకే గుణం ఉంది. సులభమైనది తేలిక, కఠినమైనది గంభీరం అన్న సమీకరణం ప్రతాపరుద్రీయంలో లేదు. పాకాలను సౌలభ్య క్రమంలో పేర్చి అరటిని మధ్య మెట్టుగా నిలిపిన తరువాతి వాడుకలో, రెండూ హృదయంగమాలన్న విశేషణం జారిపోయి, గూఢత ఒక్కటే మిగిలింది. గూఢత నుంచి కాఠిన్యానికి, కాఠిన్యం నుంచి నీరసతకు అర్థం దిగజారడానికి పెద్ద దూరం పట్టలేదు.

4. మల్లినాథుని కాయ - పగలగొట్టడం:

కోలాచలం మల్లినాథసూరి పేరు మెదక్ ప్రాంతపు కొల్చారంతో ముడిపడి ఉందని ప్రసిద్ధి. కాళిదాస, భారవి, మాఘ, శ్రీహర్షుల కావ్యాలకు అతడు రచించిన వ్యాఖ్యలు భారతదేశమంతటా సంస్కృత కావ్యపఠనానికి ప్రవేశద్వారాలయ్యాయి. భారవి కిరాతార్జునీయానికి వ్యాఖ్య రాస్తూ, భారవి వాక్కు నారికేళ ఫలంతో సమానమైనదని, దానిని ఇప్పుడు విడగొడుతున్నానని, లోపల నిండిన రససారాన్ని రసికులు ఇష్టం వచ్చినంత ఆస్వాదించవచ్చునని ఆరంభంలోనే చెప్పాడు.

ఈ మాటలో పాత ఉపమానం కొత్త అర్థాన్ని పొందింది. మొదటిసారిగా కొబ్బరికాయ ముందు ఒక మనిషి కూర్చున్నాడు. రాజశేఖరుని దగ్గర కాయ, రుచి ఉన్నాయి. విద్యానాథుని దగ్గర కాయ, లోపలి రసం ఉన్నాయి. మల్లినాథుని దగ్గర కాయ, పగలగొట్టేవాడు, తినేవాడు ముగ్గురూ ఉన్నారు. పగలగొట్టేవాడు వేరు, తినేవాడు వేరు అన్న ఎరుక కూడా ఉంది. వ్యాఖ్యాత తనను రసికుల వరుసలో కాక పనివాడి స్థానంలో నిలుపుకున్నాడు. తన వ్యాఖ్యకు అతడు పెట్టుకున్న పేరు 'ఘంటాపథం'. ఆ మాటకు రాజమార్గమని అర్థం. ఉపమానంలో కాయ పగలగొట్టడం, పేరులో దారి వేయడం. రెండూ చేతిపనికి సంబంధించిన భావనలే.

మరొక విశేషం ఉంది. మల్లినాథుని కుమారుడు కుమారస్వామి విద్యానాథుని ప్రతాపరుద్రీయానికి 'రత్నాపణం' అనే వ్యాఖ్య రచించాడు. తండ్రి నారికేళపాక కావ్యాన్ని విడగొట్టాడు. కుమారుడు నారికేళపాకాన్ని నిర్వచించిన శాస్త్రాన్ని విడగొట్టాడు. తెలుగునాట ఈ ఉపమానం ఒక వ్యాఖ్యాతల కుటుంబంలో రెండు తరాల పాటు నిలిచింది. అటువంటి సంప్రదాయానికి వారసత్వం చెప్పుకొనే విమర్శ, నారికేళపాకమన్న మాటను వ్యాఖ్యానం అవసరమనడానికి కాక చదవనక్కరలేదనడానికి వాడటం వైరుధ్యం.

5. నీతిలో, సామెతలో కొబ్బరి:

అలంకారశాస్త్రం వెలుపల కూడా ఈ కాయ ఉపమానంగా బాగా తిరిగింది. సజ్జనులు కొబ్బరికాయల వలె పైకి గరుకుగా కనిపిస్తారని, ఇతరులు రేగుపండ్ల వలె పైకి మాత్రమే మనోహరంగా ఉంటారని హితోపదేశం చెబుతుంది. సంపద వచ్చే తీరును కొబ్బరికాయలోకి నీరు చేరడంతో పోల్చిన సుమతీశతక పద్యం తెలుగు బాలశిక్షలో భాగంగా తరతరాలు కంఠస్థం చేసినది. మొదటిదానిలో కాయ మనిషి స్వభావానికి, రెండవదానిలో కంటికి కనిపించని రాకకు సంకేతం. రెండింటిలోనూ కాయ సిద్ధంగా ఉంది. చెట్టు లేదు, చెట్టెక్కినవాడు లేడు. నీరు తనంత తానే వచ్చినట్లు తోచడానికి కారణం, వేరు నుంచి గెల దాకా సాగిన పని చూపరికి కనబడకపోవడమే.

జనం నోటిలోని సామెత ఇందుకు భిన్నంగా మాట్లాడుతుంది. 'కోతికి కొబ్బరికాయ దొరికినట్లు' అన్న మాటలో కాయను నిందించలేదు. కాయ మంచిదే, దొరికినవారికి దానిని తెరిచే నేర్పు లేదు అన్నది అందులోని ఎత్తిపొడుపు. కాఠిన్యం వస్తువులో ఉన్నంతగా చేతిలోనూ ఉందన్న సూక్ష్మాన్ని శాస్త్రం కంటే సామెత తేటగా చెప్పింది. పాకనిర్ణయం చేసే విమర్శకుడు తన చేతిని కూడా ఒకసారి చూసుకోవాలని ఈ సామెత గుర్తు చేస్తుంది.

6. ఉపమానాన్ని కాయతో సరిచూడటం:

6.1. పాకం - కాలం: పాకమనే మాటకు వండటమనీ, పండటమనీ రెండర్థాలు. రెండూ కాలంలో జరిగే మార్పులు. పూత నుంచి పూర్తిగా ముదరడానికి కొబ్బరికాయకు దాదాపు 12 నెలలు పడుతుంది. ఏడు నెలల ప్రాంతంలో అది బొండం. లోపల తీయని నీరు. తరువాత మీగడ వంటి లేత కొబ్బరి కడుతుంది. మరికొన్ని నెలలకు నీరు తగ్గి గుజ్జు దళసరవుతుంది. ముదిరిన కాయను నిలవ ఉంచితే నీరు ఇంకి, కొబ్బరి చిప్ప నుంచి విడివడి కురిడీ అవుతుంది. మొలకెత్తితే లోపల మెత్తని కొబ్బరిపువ్వు పెరుగుతుంది. వృక్షశాస్త్రం ప్రకారం నీరూ గుజ్జూ వేర్వేరు పదార్థాలు కావు. రెండూ గింజలోని అంకురచ్ఛద కణజాలానికే ద్రవ, ఘన రూపాలు. ఒకే సారం ఒక వయసులో తాగేది, మరొక వయసులో నమిలేది, ఇంకొక వయసులో నూనె తీసేది.

కావ్యం విషయంలోనూ ఇది ఆలోచించదగిన అంశం. నారికేళపాకమనగానే లోపల మార్పులేని అర్థమొకటి దాగి ఉందని, చిప్ప పగిలితే అది పూర్తిగా చేతికి వస్తుందని భావించడం ముదురుకాయను మాత్రమే చూసిన ఫలితం. పాఠకుడు ఏ వయసులో, ఏ చదువుతో తెరిచాడన్న దానిని బట్టి ఒకే పద్యం ఒకసారి నీరు, మరొకసారి గుజ్జు ఇవ్వగలదు. మొదటి పఠనంలో దొరికినది తక్కువది కాదు. అది ఆ దశకు తగినది.

6.2. పీచు - చిప్ప - కన్ను: కొబ్బరికాయకు రెండు ఆవరణలున్నాయి. వాటిని తొలగించే పనులు వేరు. పీచును ఒలవాలి, చిప్పను పగలగొట్టాలి. ఒలవవలసిన దానిని పగలగొట్టబోతే దెబ్బ పీచులోనే ఇంకిపోతుంది. కావ్యంలోనూ భాష వల్ల ఏర్పడే ఆవరణ వేరు, నిర్మాణం వల్ల ఏర్పడేది వేరు. దీర్ఘసమాసాలు, వాడుక తప్పిన దేశ్యపదాలు మొదటి రకం. వాటికి నిఘంటువు, అన్వయం, ఓపిక కావాలి. శ్లేష, ద్వ్యర్థి నిర్మాణం రెండవ రకం. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒక్కొక్క పదం అర్థం తెలిసినంత మాత్రాన పద్యం తెరుచుకోదు. రామకథగా ఒక విరుపు, భారతకథగా మరొక విరుపు పట్టాలి. ఈ రెండు కాఠిన్యాలను ఒకే మాటతో చెప్పడం వల్ల విద్యార్థికి తన ముందున్నది ఏ పని అన్నది తెలియకుండా పోతుంది.

చిప్పకు మూడు కన్నులుంటాయి. వాటిలో ఒకటి మెత్తగా ఉంటుంది. మొలక బయటికి వచ్చేది అక్కడినుంచే. ఎంత గట్టి కాయకైనా లోపలినుంచి బయటికి తెరుచుకునే చోటు ఒకటి ఉందన్నమాట. కఠినమైన పద్యంలో ఆ కన్నును చూపడం బోధకుని మొదటి పని.

6.3. పీచు వ్యర్థమా?: విద్యానాథుని నిర్వచనాన్ని అక్షరాలా తీసుకుంటే ఆవరణకు దాచడం తప్ప వేరే ప్రయోజనం లేదు. కొబ్బరి పండే చోట అది అంగీకరించే మాట కాదు. నానబెట్టిన పీచు తాడవుతుంది, చాప అవుతుంది. చిప్ప గరిటె అవుతుంది, బొగ్గు అవుతుంది. మట్ట పందిరవుతుంది, ఈనె చీపురవుతుంది. కావ్యంలో శబ్దాన్ని అర్థం మీది పొట్టుగా భావించి, తాత్పర్యం తీసుకుని పద్యాన్ని పారవేయడం కొబ్బరి తోటలో పెరగని ఉపమానజ్ఞానం. శబ్దం కావ్యానికి కప్పు మాత్రమే కాదు, దానిని కట్టి ఉంచే తాడు కూడా.

6.4. దింపు - వలుపు: కోనసీమలో కొబ్బరి దింపు ఒక పని, వలుపు మరొక పని. దింపు కార్మికుడు చెట్టెక్కి ఏ గెల ముదిరిందో చూసి నరుకుతాడు. వలుపు కార్మికుడు నేలలో నిలిపిన ఇనుప మొన మీద కాయను గుచ్చి, విరిచి, మెలితిప్పి పీచును వేరుచేస్తాడు. ఎక్కడ గుచ్చాలి, ఎంత లోతున ఆపాలి అన్నది చేతికి తెలిసిన విద్య. లోతు తప్పితే చిప్ప పగులుతుంది, కాయ నిలవకు పనికిరాదు. అంబాజీపేట మార్కెట్టుకు చేరే ప్రతి ఒలిచిన కాయ వెనుక ఈ రెండు నేర్పులున్నాయి. పొడవు రకపు చెట్టు తొలి కాపుకు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. 1996 నవంబరు తుఫాను కోనసీమలోనూ, 2018 అక్టోబరు తిత్లీ తుఫాను ఉద్దానంలోనూ చెట్లను కూల్చినప్పుడు ఆ ఏడాది పంటతో పాటు రాబోయే అనేక సంవత్సరాల పంట కూడా పోయింది. ఫలాన్ని మాత్రమే చూసిన ఉపమానంలో ఈ చెట్టు, ఈ చేతులు, ఈ నష్టం లేవు. మల్లినాథుడొక్కడే చేతి దాకా వచ్చాడు.

7. ఆముక్తమాల్యద - ఒక పద్య పరిశీలన:

నారికేళపాకానికి తెలుగులో తరచుగా చూపే ఉదాహరణ శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద. ఆ కాఠిన్యం ఎటువంటిదో చూడటానికి విల్లిపుత్తూరు వర్ణనలోని ప్రసిద్ధమైన బాతుల పద్యం అనుకూలమైనది. వరిపొలాల కాలువల్లో బాతులు తలలను రెక్కల్లో దూర్చి నిద్రిస్తున్నాయి. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన వస్త్రాల ముద్దలని వాటిని భ్రమించిన తలారులు, వాటిని వారి ఇళ్లకు చేర్చాలని రేవులలోకి దిగారు. బాతులు చటుక్కున పరుగెత్తాయి. అది చూసి వరిచేలకు కావలి ఉన్న స్త్రీలు నవ్వారు.

ఈ పద్యంలో పీచు ఉంది. సంస్కృత సమాసాలున్నాయి. కావలివారిని సూచించే 'ఆరెకులు' అన్న మాట నేటి పాఠకునికి నిఘంటువు లేకుండా అందదు. అన్వయం చివరి వరకు ఆగవలసి ఉంటుంది. కానీ చిప్ప పెద్ద గట్టిది కాదు. శ్లేష లేదు, రెండవ కథ లేదు. భాష ఒలిస్తే దృశ్యం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. పద్యం చివర వచ్చే నవ్వు దాని మెత్తని కన్ను. ఎవరు నవ్వారు, ఎందుకు నవ్వారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టి వెనక్కి వస్తే తలారులు, వస్త్రాలు, బాతులు వరుసగా దొరుకుతాయి. ముందునుంచి సమాసం విడదీస్తూ వెళ్లిన విద్యార్థి అలసిపోయే చోటికి, నవ్వు నుంచి వెనక్కి వచ్చిన విద్యార్థి ఆసక్తితో చేరతాడు.

అంతకంటే ముఖ్యమైన విషయం పద్యం లోపలే ఉంది. ఈ దృశ్యం తప్పుగా చదవడం గురించినది. తలారులు ఒక ఆకారాన్ని చూశారు, తమకు తెలిసిన అర్థాన్ని దానికి అంటగట్టారు, పొరబడ్డారు. అది బాతు అని ముందే తెలిసినవారు ఆ పొలంలో రోజూ పని చేసే స్త్రీలు. వారికి ఆ దృశ్యం గూఢం కాదు. ఒకే రూపం ఒకరికి చిక్కుముడి, మరొకరికి నవ్వులాట. గూఢత రూపంలో ఎంత ఉందో, చూసేవారి జీవనపరిచయంలో అంత ఉందని రాయలు ఒక్క దృశ్యంలో చూపాడు. కావ్యంలోని రసికులు ఇక్కడ ఆస్థాన పండితులు కారు, వరి కాపలా స్త్రీలు.

ఆముక్తమాల్యదలోని వర్షర్తు వర్ణనకూ ఇది వర్తిస్తుంది. తడిసిన కట్టెలతో పొయ్యి రాజుకోక గృహిణి పడే పాట్లను చెప్పే పద్యం, గ్యాసు పొయ్యి కాలంలో పెరిగిన పాఠకునికి పదాల వల్ల ఎంత దూరమో, అనుభవం లేకపోవడం వల్ల అంతే దూరం. ఊదురుగొట్టంతో పొయ్యి ఊదిన ఇంటినుంచి వచ్చిన విద్యార్థికి పదార్థం చెబితే చాలు, తక్కినది అతడే చెబుతాడు. కాబట్టి ఈ కావ్యపు కాఠిన్యంలో కొంత భాగం కవి పెట్టినది, కొంత భాగం జీవనవిధానం మారడం వల్ల తరువాత పెరిగినది. రెండింటినీ కవి ఖాతాలోనే రాయడం న్యాయం కాదు. వేదం వేంకటరాయశాస్త్రి వంటి వ్యాఖ్యాతలు ఈ కావ్యానికి చేసిన పని, మల్లినాథుడు భారవికి చేసిన పని వంటిదే. ఆ వ్యాఖ్యను పక్కన పెట్టి కావ్యాన్ని కఠినమనడం, వలుపువాడిని పిలవకుండా కాయను తిట్టడం.

8. ఉపమానానికి ఉన్న హద్దు:

ఇంత మాత్రాన కఠినమైన ప్రతి రచనా నారికేళపాకమే అనుకోవడం మరొక పొరపాటు. దుర్బోధమైన రచనను సమర్థించుకోవడానికి కూడా ఈ మాట ఉపయోగపడుతోంది. పాఠకునికి అందకపోతే అది పాఠకుని లోపమేనన్న వాదానికి విద్యానాథుని నిర్వచనం తోడ్పడదు. లోపల రసం ఉండాలన్నది ఆ నిర్వచనంలోని అనివార్యమైన నియమం. కొబ్బరికాయ కొనేవారు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తారు. నీటి చప్పుడు వినిపిస్తేనే తీసుకుంటారు. ఒలిచిన తరువాత కుళ్లిన కాయ బయటపడితే ఒలిచిన శ్రమను చూపి దానిని మంచి కాయ అనరు. రచన కఠినంగా ఉండటం దాని విలువకు సాక్ష్యం కాదు. అది విలువను పరీక్షించడానికి పట్టే శ్రమకు సూచన మాత్రమే. ఊపి చూడటం విమర్శకుని బాధ్యత, ఒలవడం వ్యాఖ్యాత బాధ్యత. నేటి విశ్వవిద్యాలయ బోధనలో ఈ రెండు బాధ్యతలూ ఒకే వ్యక్తి మీద ఉన్నాయి.

కాయను కావ్యంతో అడుగడుగునా సరిపోల్చడంలో కూడా ప్రమాదం ఉంది. కాయ ఒకసారి పగిలితే మళ్లీ అతకదు. పద్యం అలా కాదు. ఎన్నిసార్లు విప్పినా అది తిరిగి పద్యంగానే నిలబడుతుంది. మల్లినాథుడు విడగొట్టిన భారవి పద్యం ఈనాటికీ అఖండంగానే ఉంది. ఉపమానం ఆగిపోయే ఈ చోటు వ్యాఖ్యాతకు ధైర్యమిచ్చే చోటు. విప్పడం వల్ల కావ్యం చెడిపోతుందన్న భయానికి ఆధారం లేదు.

9. ముగింపు:

- రాజశేఖరుని దృష్టిలో నారికేళపాకం ఆద్యంతాలలో రుచించే కవితాపరిణతి. కాఠిన్యం ఆ ఉపమానానికి తొలి అర్థం కాదు.
- విద్యానాథుడు గూఢతను ఉపమానంలో ప్రవేశపెట్టినా, ద్రాక్షా నారికేళ పాకాలు రెండింటినీ హృదయంగమాలుగానే పేర్కొన్నాడు. వాటి మధ్య హెచ్చుతగ్గులు తరువాతి వాడుక కల్పించినవి.
- మల్లినాథుడు ఉపమానంలోకి పగలగొట్టే మనిషిని తెచ్చాడు. నారికేళపాకం వ్యాఖ్యాన ఆవశ్యకతను తెలిపే మాటగా అతని దగ్గర రూపొందింది.
- భాషాకాఠిన్యం, నిర్మాణకాఠిన్యం, జీవనానుభవ దూరం వల్ల ఏర్పడిన కాఠిన్యం వేర్వేరు. నారికేళపాకమనే ఒకే మాట కింద వీటిని కలపడం బోధనకు అవరోధం.
- ఆముక్తమాల్యదలోని బాతుల పద్యం, గూఢత చూసేవారి పరిచయాన్ని బట్టి మారుతుందని కావ్యంలోపలినుంచే నిరూపిస్తుంది.
- ఒక కావ్యాన్ని నారికేళపాకమని పేర్కొన్న ప్రతి సందర్భంలోనూ ఏ ఆవరణ, ఎవరికి, ఏ సాధనంతో తొలగుతుంది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పినప్పుడే ఆ మాట విమర్శపదంగా సార్థకమవుతుంది.

దింపు, వలుపు తెలిసిన ఊళ్లలో కొబ్బరికాయను ఎవరూ కఠినమైన ఫలమని వర్ణించరు. అది ఒలవవలసిన ఫలం, అంతే. తెలుగు కావ్యాల విషయంలో కూడా ఈ చూపు తరగతి గదిలోకి రావలసి ఉంది.